నబీ సాహెబ్ బొటనవేలు

మైదుకూరులో నబీ సాహెబ్ గాజులు తొడిగితే చెయ్యి నొవ్వదు. ఈ మాట నేనన్నది కాదు, నలభై ఏళ్లుగా ఊరి ఆడవాళ్లంతా అంటున్నది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే మెత్తటి కండను పట్టి నొక్కుతాడు. చెయ్యి దానంతట అదే ముడుచుకుంటుంది, గాజు జారిపోతుంది. మా ఇళ్లలో సీమంతాలన్నిటికీ ఆయనే తొడిగాడు. తన కూతురు శిరీన్‌కు కూడా ఏడో నెలలో డజను పచ్చ గాజులు తనే తొడిగాడు. నాలుగో రోజు ఆమెకు నొప్పులొచ్చాయి. బిడ్డ దక్కలేదు.

కొన్నాళ్లకు బస్టాండు దగ్గర ఆక్యుపంక్చర్ శిబిరం పెట్టారు. ఆయన పంటి నొప్పితో వచ్చాడు, నేను తలనొప్పితో పోయాను. కృపారాణి అనే వైద్యురాలు ఆయనకు సరిగ్గా ఆ కండలోనే సూది గుచ్చింది. ఆ చోటును చైనావాళ్లు హెగూ అంటారట. తలనొప్పికీ పంటి నొప్పికీ వాళ్లు ముందు వెతికేది దాన్నేనట. కాసేపటికి నొప్పి తగ్గి సాహెబ్ ముఖం విప్పారింది.

“నేను దినామూ నొక్కే చోటే గదమ్మా ఇది,” అన్నాడు.

“చూలాలికి మాత్రం ఈడ నొక్కగూడదు పెద్దాయనా. నొప్పులొస్తాయని వాళ్ల వైద్యంలో ఉండాది.”

ఆయన ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. శిరీన్ సంగతి నేనే చెప్పాను. గాజు తొడిగినంత మాత్రాన అట్లా కాదని, బిడ్డ పోవడానికి సవాలక్ష కారణాలుంటాయని కృపారాణి నచ్చజెప్పింది. విన్నాడా? నాకు ఒళ్లు మండింది.

“నా రెండు కాన్పులకూ నువ్వే తొడిగినావు గదప్పా. నా పిల్లోల్లు గుండ్రాళ్ల మాదిరి ఉండారు,” అని కసిరాను.

“మీ బిడ్డలు బతికినారు టీచరమ్మా.”

అప్పటినుంచి చూలాళ్లకు ఒక సైజు పెద్ద గాజులిచ్చి, మీరే వేసుకోండమ్మా అంటున్నాడు. కూతురి చెయ్యి ముట్టడమే మానేశాడు. ఎందుకో ఆమెకు చెప్పమని నేనెంత పోరినా నోరు విప్పలేదు.

మొన్న రంజాన్‌కు ముందు రోజు మధ్యాహ్నం శిరీన్ అంగడికొచ్చింది. నాకు తొడగడం ముగించి, ఆమెకు ఎప్పటిలాగే గాజులు పొట్లం కట్టాడు. ఆమె పొట్లం తీసుకోలేదు, చెయ్యి చాపింది.

“ఊరందరికీ తొడుగుతాండావు. నా చెయ్యి పట్టుకోక రెండేండ్లాయె. బిడ్డను నిలుపుకోలేని చేతులనా అబ్బా?”

ఇన్నాళ్లూ ఆ పిల్ల ఈ మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతోందా?

“నీ చేతులు కాదు తల్లీ,” అన్నాడు నబీ సాహెబ్. “నావి.”

అంతా చెప్పేశాడు. పచ్చ గాజులు, సూది, వైద్యురాలు మొదట అన్న మాట. ఆమె తర్వాత చెప్పింది మాత్రం చెప్పలేదు. అది నేను చెప్పాను, రెండుసార్లు చెప్పాను. ఇద్దరిలో ఎవరూ వినలేదు.

శిరీన్ చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. బొటనవేలి పక్కన ఆ చోటును రెండో చేత్తో కప్పుకుని, అంగడి మెట్లు దిగింది.