లేడిపిల్ల కాపర్-టీ

మా లాండ్రీలో అందరూ ఆమెను లేడిపిల్ల అంటారు. పేరుకే లేడి, పరుగులో తాబేలుకు చెల్లెలు. ఏటా జరిగే పరుగు పందెంలో ఆమె గీత దాటేసరికి అక్కడ కుర్చీలు సర్దేస్తుంటారు. అయినా ఒక్క ఏడూ మానలేదు. ఇద్దరు పిల్లల తల్లయ్యాక కూడా పొద్దున్నే బూట్లు కట్టుకుని రోడ్డెక్కుతుంది. ఆమె పరిగెత్తని రోజు ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదని మొగుడే నాతో చెప్పుకుని వాపోయాడు.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, ఆవిరి రోలరు మీద ఇస్త్రీ చేసి పంపడం మా పని. రోలరులోంచి వచ్చిన దుప్పటిని ఇద్దరం చెరో కొసా పట్టుకుని, ఒక్క గుంజు గుంజి, ఎదురెదురుగా నడిచి మడతపెట్టాలి. నాకు జోడీ లేడిపిల్లే. అవతలి మనిషి ఎలా ఉందో ఆ గుంజులోనే తెలిసిపోతుంది. ఇంట్లో తగువు పడి వస్తే గుంజు గట్టిగా ఉంటుంది. అలాంటిది ఈ మధ్య ఆమె వైపు నుంచి గుంజే లేదు.

"ఏమిటే, దుప్పటి పట్టుకున్నావా, కప్పుకుని పడుకున్నావా?" అన్నాను.

"కాపర్-టీ వేయించుకున్నానక్కా. పొత్తికడుపు మెలిపెట్టేస్తోంది. నెలసరి వచ్చిందంటే ఆగి చావడం లేదు," అంది గొంతు తగ్గించి.

తగ్గిస్తే మాత్రం? మా లాండ్రీలో గోడలకే కాదు, బకెట్లకీ చెవులుంటాయి. మధ్యాహ్నానికల్లా వార్త పెద్దమ్మకు చేరింది. ఆవిడ ఎవరికీ సొంత పెద్దమ్మ కాదు. అందరికంటే ముందు పనిలో చేరింది కాబట్టి అందరికీ పెద్దమ్మే. రోలరు దగ్గర ఆవిడ మాటే చట్టం. ఆ చట్టంలో మొదటిది, లోహమన్నది రోలరు దగ్గరికి పోకూడదు. దుప్పట్లో మర్చిపోయిన పిన్నీసు కాలి వాత పెట్టని చెయ్యి మాలో ఒక్కటీ లేదు.

"కాపరంటే రాగే కదే?" అంది పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని. "ఇంత బొత్తాం వేడెక్కితేనే బొబ్బలొస్తాయి. కడుపులో రాగి పెట్టుకుని ఆవిరి ముందు నిలబడతావా? మెలిపెట్టక ఏం చేస్తుంది! ఇక రోలరు వైపు రాకు. ఆ పరుగు కూడా కట్టిపెట్టు. గెంతులేస్తే జారి ఏ రోడ్డు మీదో పడుతుంది."

నవ్వొచ్చింది కానీ నవ్వే ధైర్యం ఎవరికుంది? నిజం చెప్పొద్దూ, పిన్నీసు వాత గుర్తొచ్చి నాకూ కాస్త అనుమానం తగిలింది.

లేడిపిల్లను దిండు గలీబుల దగ్గర కుర్చీలో కూలేశారు. నాకు జోడీగా పెద్దమ్మే వచ్చింది. ఆవిడ గుంజితే దుప్పటితో పాటు నేనూ వెళ్ళాల్సిందే. ఇక లేడిపిల్ల కుర్చీ చుట్టూ సలహాల సంత. అది పైకి పాకి గుండెకు తగులుతుందని ఒకామె, తుమ్మేటప్పుడు జాగ్రత్తని ఇంకొకామె. పాపం, ఆ పిల్ల ముక్కు నలుపుకుంటూ తుమ్ములు ఆపుకోవడం నా కళ్ళారా చూశాను.

ఒకరోజు ఆరబెట్టే మిషను వెనక ఏడుస్తూ కనిపించింది.

"తీయించేసుకుంటానక్కా. కానీ మళ్ళీ కడుపొస్తే? చిన్నది ఇంకా చంకే దిగలేదు, మూడో బిడ్డను మోసే ఓపిక నాకు లేదు. ఉంచుకుంటే పరుగు పోయింది. పొద్దున ఆ కాసేపే కదక్కా, నేను ఎవరికీ అమ్మనీ పెళ్ళాన్నీ కాకుండా ఉండేది. అదీ లేకపోతే ఎలా బతకను?"

నాకు ఒళ్ళు మండింది. "వేసినవాళ్ళను అడగకుండా ఇస్త్రీ చేసేవాళ్ళను అడుగుతావేమిటే?" అని రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

రోలరు సంగతి వినగానే నర్సమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "మీరు ఉడికితే తప్ప అది ఉడకదమ్మా," అంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. పరీక్ష చేసి, అది ఉండాల్సిన చోటే ఉందని చెప్పింది. మొదటి కొన్ని నెలలు నొప్పీ, ఎక్కువ రక్తం పోవడమూ చాలామందికి ఉంటాయట. ఒళ్ళు సహకరించినంత మేర పరిగెత్తొచ్చట. నీరసానికి రక్తపరీక్ష చేయించి ఐరన్ మాత్రలు రాసింది. "నొప్పి మరీ ఎక్కువైనా, జ్వరమొచ్చినా వెంటనే రండి. తీయించుకోవాలనిపిస్తే అదీ మీ ఇష్టమే," అంది. ఇంటికొచ్చే దారంతా లేడిపిల్ల ఆ 'మీ ఇష్టమే'నే అనుకుంటూ నడిచింది. పెద్దమ్మ మాత్రం డాక్టరమ్మ మాటకీ లొంగలేదు, రోలరు దగ్గరికి రానివ్వలేదు.

పందెం రోజుకు సరిగ్గా నెలసరి వచ్చి కూర్చుంది. అయినా పరిగెత్తింది. చివర గీత దగ్గర నేను నిలబడ్డాను. పక్కన పెద్దమ్మ. "నువ్వెందుకొచ్చావు?" అంటే, "జారిపడితే ఏరడానికి ఎవరో ఒకరుండాలిగా!" అంది.

కుర్చీలు సర్దడం మొదలయ్యాక లేడిపిల్ల కనిపించింది. పొట్ట పట్టుకుని కొంత నడక, కొంత పరుగు. మొత్తానికి గీత దాటింది. దాటాక కిందికి చూసుకుంది. బూడిదరంగు ప్యాంటు మీద తొడ దాకా మరక. రెండు చేతులతో చొక్కా కిందికి లాక్కుంటూ అక్కడే కుంగిపోయింది. కుర్చీలు మోసేవాళ్ళు అటే చూస్తున్నారు.

"పరువు పోయిందక్కా. రేపే తీయించేసుకుంటా. ఇక జన్మలో పరిగెత్తను."

నేను వంగి చెయ్యి అందించాను. పెద్దమ్మ గొంతు లేచింది.

"లేవే! ఊరందరి రక్తం రోజూ ఉతికే చేతులు కావటే ఇవి? ఒక్కనాడైనా ఛీ అన్నావా? పరాయివాళ్ళ మరకకు లేని సిగ్గు నీ మరకకెందుకు? చన్నీళ్ళలో నానేస్తే అదే పోతుంది, పద. రేపు రోలరు దగ్గరికి రా. నీ జోడీతో వేగలేక చస్తున్నాను."

లేడిపిల్ల ఏడుస్తూనే నవ్వింది. చొక్కా వదిలేసి లేచింది. మా ఇద్దరి మధ్యా ఆ ప్యాంటుతోనే తలెత్తుకుని నడిచి వచ్చింది.

మర్నాడు మొదటి దుప్పటి చెరో కొసా అందుకున్నాం. "ఇంతకీ తీయించుకుంటావా?" అన్నాను.

"ఇంకొన్నాళ్ళు చూస్తానక్కా. తీయించుకుంటే నాకు కావాలని తీయించుకుంటా," అంటూ ఒక్క గుంజు గుంజింది.

కొస నా చేతుల్లోంచి జారిపోయింది.