సుశీలత్త జీపు కింది ఇనుప పైపు

నిన్న పొద్దున పొయ్యి మీద టీ ఉండగా ఫోన్ మోగింది. మా సుశీలత్త ఇక లేదట.

నమ్మబుద్ధి కాలేదు. మొన్న ఆదివారమే మాట్లాడాను. గొంతు ఖంగుమంటోంది. పైగా నన్నే ఒక ప్రశ్న అడిగింది. "ఆలోచించి చెప్తా అత్తా" అని ఫోన్ పెట్టేశాను.

ఆ ప్రశ్న ఇంకా నా దగ్గరే ఉంది. దాని కథ చెప్పాలి.

తెలియనివాళ్ల కోసం... సుశీలత్త మా నాన్న చెల్లెలు. మొగుడంపల్లి దగ్గర అల్లం సాగు చేసే ఇంటి కోడలు. మామకు మోకాళ్లు పట్టేసి క్లచ్ తొక్కలేకపోతే తనే జీపు నేర్చుకుంది. ఎనభైల మొదట్లో మాట ఇది. అల్లం బస్తాలు వేసుకుని జహీరాబాద్ మార్కెట్‌కు తనే వచ్చేది. బొంబాయి రోడ్డు మీద లారీవాళ్లు తలలు బయటపెట్టి మరీ చూసేవాళ్లు. అత్త కూడా వాళ్లను అలాగే చూసేది.

ఒక ఏడు అల్లం బాగా పండింది. బస్తాలు ఎత్తుగా పేర్చాలని జీపు పైకప్పు కోయించేశారు. పొలం గట్లకు తగులుతోందని కింద ఛాసిస్‌కు ఉన్న అడ్డపట్టీ కూడా పీకించేశారు. ఇనుము తగ్గితే బండి తేలికవుతుందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. అత్త కూడా.

అసలు తంటా తర్వాత మొదలైంది.

ఊరి బయట మలుపులో అత్త స్టీరింగ్ తిప్పింది. ముందు చక్రాలు తిరిగాయి. వెనక భాగం కాస్త ఆలోచించుకుని వచ్చింది. ఎదురుగా లారీ. ఎలాగో తప్పించి పక్కకు ఆపింది. ఇంజిన్ కట్టేసి దిగి రోడ్డు పక్కన కూలబడింది. డిగ్రీ సెలవులకు వెళ్లిన నేను పక్క సీట్లోనే ఉన్నాను.

ఆ రోజు నుంచి అత్త జీపు ముట్టలేదు.

ఇంట్లో ముందు దిష్టి తీశారు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు. బండిలోనే ఏదో తేడా ఉందని అత్త అంటే మామ వాళ్ల అన్న నవ్వాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది. ఇగ ఆమెతోని కాదు తమ్మీ, డ్రైవర్‌ను పెట్టుకుందాం."

స్టీరింగ్ పోతే అత్తకు నాలుగు ముఖాలు చూసే దారే పోతుంది. ఆ మాట ఆమెకు బాగా గుచ్చుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

ఏడవలేదు. వాకిట్లో నులక మంచం ముందు కూర్చుంది.

ఆ మంచం కీళ్లు ఎప్పుడో వదులైపోయాయి. తలాపు పట్టుకుని ఊపింది. మళ్లీ ఊపింది.

"ఇటు రా బిడ్డా, గిది చూడు. నేనిక్కడ తిప్పుతున్న. కాళ్ల దిక్కు జరసేపైనంక వస్తున్నది. జీపు గూడ గిట్లనే చేస్తున్నది."

ఒక కర్ర తెచ్చి మంచం అడుగున మూల నుంచి మూలకు తాడుతో బిగించింది. ఈసారి ఊపితే మంచం మొత్తం ఒకేసారి కదిలింది. నా కళ్ల ముందే.

మర్నాడు పక్కింటాయనతో జీపు నడిపించుకుని జహీరాబాద్‌లో ఖాజా భాయ్ వెల్డింగ్ షాపుకు వెళ్లాం. కింద ఏటవాలుగా ఒక ఇనుప పైపు వేయమంది. "పైపు వేస్తే ధైర్యం వస్తదా అక్కా?" అని ఆయన నవ్వుతూనే బిగించాడు. గట్లకు తగిలితే తీసుకోవచ్చని వెల్డింగ్ కాకుండా బోల్టులతో.

తిరుగు ప్రయాణంలో అత్తే నడిపింది. అదే మలుపు. జీపు చెప్పిన మాట విన్నది.

మద్దెల నిజంగానే ఓడు!

వేరేవాళ్లయితే అక్కడితో వదిలేసేవాళ్లు. అత్తకు మాత్రం కొత్త అనుమానం పుట్టింది. "గిది పైపు పనా? పైపున్నదన్న నా ధైర్యం పనా?"

ఇక ఖాజా భాయ్‌కి మూడింది. మార్కెట్‌లో అల్లం దింపాక అత్త ఆయన షాపుకు వెళ్లి, అటు తిరిగి కూర్చుని టీ తాగేది. ఆయన తన ఇష్టప్రకారం పైపు ఉంచాలి, లేదా తీసేయాలి. ఏం చేశాడో చెప్పకూడదు. అత్త ఓ చక్కర్ కొట్టి వచ్చి తనే చెప్పాలి. ఇదీ టెస్ట్.

మొదటిసారి "లేదు" అంది. నిజంగానే లేదు. తర్వాత "ఉన్నది" అంది. ఉంది. ఖాజా భాయ్ కూడా నవ్వడం మానేసి సీరియస్ అయిపోయాడు.

ఒక రోజు అత్త ముఖం వెలిగిపోతూ వచ్చింది. "ఉన్నది! పక్కా ఉన్నది!"

ఖాజా భాయ్ బల్ల వెనక నుంచి మెల్లగా పైపు పైకెత్తి చూపించాడు.

నేనైతే అత్త ముఖం చూడలేకపోయాను. ఆమె మాత్రం పడీపడీ నవ్వింది.

"అంటే ఇయ్యాల మలుపు తిప్పింది నేనేనా? పైపు గాదా?"

"మీరే అక్కా. అయినా నాకు ఫికర్ అయితది, పైపు బిగిస్త. జర కూసోండ్రి."

పైపు బిగించుకునే ఇంటికి వచ్చాం. అత్త దారంతా నవ్వుతూనే ఉంది. డ్రైవర్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నిరుడు హైవే మీద నాకు చిన్న యాక్సిడెంట్ అయింది. అప్పటి నుంచి కారు తీయడం లేదు. కారులోనే ఏదో తేడా ఉందని అందరికీ చెబుతున్నాను. ఇద్దరు మెకానిక్‌లు ఏమీ లేదన్నా వినలేదు.

మొన్న ఆదివారం అత్త అడిగింది అదే.

"భయం నీదా బిడ్డా, బండిదా? ముందుగాల గది తెలుసుకో. రెండిట్కి మందు వేరె."

నిన్న ఫోన్ రాగానే తాళాలు తీసుకున్నాను. హైదరాబాద్ నుంచి ఒక్కదాన్నే నడుపుకుంటూ వెళ్లాను. అత్త ఊరి బయట ఆ మలుపులో నా చేతులు వణికాయి. కారు మాత్రం చెప్పిన మాట విన్నది.

ఇదిగో జవాబు అత్తా.

బండి మంచిగనే ఉంది. భయం నాదే.

అయినా వచ్చాను.

వెళ్లిరా అత్తా. నువ్వు పోయే దారి చల్లగా ఉండాలి. నీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి.