ఏడున్నర ఘనపు మీటర్ల గాలి

నేను రిటైరయ్యే రెండేళ్ల ముందు, మే నెలలో, గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ గనికి వెంటిలేషన్ ఆఫీసర్‌గా పోస్టింగ్ వచ్చింది. గని లోపలికి మంచి గాలి చాలినంత పోతున్నదా, బొగ్గు పొరల నుంచి వచ్చే మీథేన్ వాయువు ఆ గాలిలో కలిసి బయటికి వెళ్లిపోతున్నదా అని చూసుకోవడం ఆ ఆఫీసర్ పని. హోదాలో మేనేజర్ కిందే గానీ, గాలి విషయంలో మొహమాటపడకూడని కుర్చీ అది.

గాలిని కొలిచే పద్ధతి వినడానికి సులువే. సొరంగం వెడల్పును ఎత్తుతో గుణించి, వచ్చినదాన్ని గాలి వేగంతో గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి పోతున్నదో తెలుస్తుంది. చిక్కంతా దశాంశ బిందువుతోనే. నిప్పురవ్వ భయానికి మామూలు ఫోన్లు, కాలిక్యులేటర్లు గని లోపలికి తీసుకుపోనివ్వరు. అందుకని కాగితం మీద గుణించే ముందే జవాబు సుమారుగా ఎంత రావాలో నోటితో అనుకోవడం మా అలవాటు.

చేరిన కొన్నాళ్లకు ఒక రోజు, మొదటి షిఫ్టులో నాతో ఇద్దరున్నారు. స్రవంతి కొత్తగా చేరిన మైనింగ్ ఇంజనీరు. ఆడవాళ్లను భూగర్భంలో డ్యూటీకి తీసుకోవడం మొదలైనాక వచ్చిన తొలివాళ్లలో ఒకరు. షరీఫ్ ఆ షిఫ్టు పనులన్నీ చూసే ఓవర్‌మన్, నా ఈడువాడే. బొగ్గు తీసే చోటును ఫేసు అంటాం. ఫేసును దాటి వచ్చిన గాలి బయటికి పోయే దారి రిటర్న్. అక్కడ నిలబడి కొలిచాం. వెడల్పు 4.2 మీటర్లు, ఎత్తు 2.9, గాలి వేగం సెకనుకు 0.62 మీటరు. స్రవంతి గుణించి 75.5 అన్నది.

"నాలుగు మూళ్లు పన్నెండు బిడ్డా. గాలి సెకనుకు మీటరు గూడ నడుస్తలేదు. పన్నెండు కన్న తక్కువనే రావాలె," అన్నాను.

ఆమె బిందువును ఒక స్థానం వెనక్కి జరిపింది. 7.55. పన్నెండులో సగం కన్నా కొంచెం ఎక్కువ. సరిపోయింది.

అక్కడితో అయిపోవలసింది. కానీ షరీఫ్ ముఖం చిట్లించాడు. "సార్, పోయినసారి ఇక్కడ పదకొండుకు పైన ఉండె గద. మిగిలిన గాలి ఏడికి పోయింది?"

నాకూ అర్థం కాలేదు. ఇప్పుడే బిందువు తప్పు ఒకటి దొరికింది కనుక, రెండోది కూడా లెక్కలోనే ఉంటుందనిపించింది. మళ్లీ గుణించాం. అదే జవాబు. టేపు మళ్లీ పట్టాం, వేగం మళ్లీ కొలిచాం. అదే. వేగం కొలిచే పరికరం మందగించిందేమో అనుకున్నాను. పోయినసారి కొలతే తప్పేమో అనీ అనుకున్నాను. గని టెలిఫోన్‌లో పైకి అడిగితే, గనిలోంచి గాలిని లాగే పెద్ద ఫ్యాను మామూలుగానే తిరుగుతున్నదన్నారు. దానితో అయోమయం ఇంకా పెరిగింది. విడిగా చూస్తే ప్రతిదీ సరిగ్గానే ఉంది, కలిపి చూస్తే ఏదీ పొసగడం లేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. షిఫ్టు దిగినంక గాలి కొలిచే మీటరు ఇంకోటి తెచ్చి కొలుద్దం," అన్నాడు షరీఫ్. నేను సరేననబోయాను.

"గాలి సంగతి పక్కకు పెడదం సార్. గ్యాసు ఏమంటదో చూద్దమా?" అన్నది స్రవంతి.

ఆమె ఆలోచన ఇది. పొరల నుంచి వచ్చే గ్యాసు ఒక్కసారిగా మారదు. అదే గ్యాసు తక్కువ గాలిలో కలిస్తే దాని శాతం పెరగాలి. పదకొండు చిల్లరను ఏడున్నరతో భాగిస్తే సుమారు ఒకటిన్నర. అక్కడ మామూలుగా ఉండేది అర శాతం. దానికి ఒకటిన్నర రెట్లంటే ముప్పావు. గాలి నిజంగా తగ్గి ఉంటే మీథేన్ పరికరం ముప్పావు దరిదాపుల్లో చూపాలి. మా కొలతే తప్పయితే అర శాతమే చూపాలి.

పరికరం 0.7 చూపింది.

లెక్క తప్పు కాదు. గాలే తగ్గింది. ఎక్కడ, ఎందుకు, ఇంకా ఎంత తగ్గుతుంది అన్నవేవీ తెలియవు. రిటర్న్‌లో 0.75 దాకా నిబంధన ఒప్పుకుంటుంది కనుక, మనుషులను ఖాళీ చేయించమని ఏ రూలూ నాకు చెప్పడం లేదు. ఫేసులో మనుషులున్నారు, నడుస్తున్న యంత్రాలున్నాయి. కరెంటు తీయించి అందరినీ మంచి గాలి వైపు నడిపించమని షరీఫ్‌కు చెప్పాను. వాళ్లు సణుక్కుంటూనే కదిలారు. హద్దు లోపల ఉండగా బొగ్గు ఎందుకు ఆపారని మేనేజర్ టెలిఫోన్‌లో అడిగారు.

"ఎందుకో ఇంకా తెల్వదు సార్. తెలిసేదాక ఆపుత," అన్నాను. ఆయన "కానియ్యిండ్రి" అని ఫోన్ పెట్టేశారు.

మంచి గాలి వచ్చే దారికి, రిటర్న్‌కు నడుమ ఇటుక గోడలుంటాయి. వాటిని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాం. వాడకం పోయిన ఒక అడ్డదారిలో గోడ పైభాగం కూలి ఉంది. ఫేసుకు పోవలసిన గాలి ఆ సందులోంచి అడ్డంగా, మేం కొలిచిన చోటికి రాకుండానే దాని అవతల రిటర్న్‌లోకి పోతున్నది. మేం చూస్తుండగానే మరికొన్ని ఇటుకలు జారాయి. షరీఫ్‌తో కలిసి ఫేసు అంచుకు వెళ్లి కొలిస్తే గ్యాసు ఒక శాతం దాటింది. అప్పటికి అక్కడ మనుషులెవరూ లేరు.

గోడ మళ్లీ కట్టారు. అది ఎందుకు కూలిందో విచారణలో తేలలేదు. పైబరువు వల్ల అని కొందరు, నేల ఉబ్బడం వల్ల అని కొందరు అన్నారు. నాకు ఇప్పటికీ తెలియదు.

తెలిసింది ఒకటే. సుమారు లెక్క తప్పు జవాబును పట్టిస్తుందని నేను ఉద్యోగమంతా చెప్పుకుంటూ వచ్చాను. దానికి రెండో పని కూడా ఉంది. సుమారుకు, జవాబుకు పొత్తు కుదిరిందంటే లెక్క సరైనదే, ఇక కాగితం వదిలి తేడాను గనిలో వెతకాలి. ఆ తరువాత ఎన్నిసార్లు గుణించినా అది ఆలస్యమే.