తెలుగు రాని టీచరు

అశోక్‌నగర్‌లో ఇల్లు తీసుకునేనాటికి నాకు యాభై దాటాయి. అంతకుముందు మలేషియాలో ఒక ప్రభుత్వ బడిలో ఇంగ్లిషు చెప్పేదాన్ని. మా ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి తోటల్లో పనికి వెళ్ళిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళం. చదవడం, రాయడం అమ్మ నేర్పింది. అమ్మ పోయాక ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడే మనిషి లేకుండా పోయింది. ఒకరోజు వంటింట్లో కుక్కరుతో తెలుగులో మాట్లాడుతూ నాకు నేనే దొరికిపోయాను. ఆ తర్వాత కొన్నాళ్ళకే, నారాయణగూడలోని ఒక చిన్న ఇంగ్లిషు శిక్షణ సంస్థ విదేశీ టీచరు కావాలని ప్రకటించిందని తెలిసి రాశాను. ఫోనులో నా ఇంగ్లిషు విని, మలేషియా పాస్‌పోర్టు ఉందనగానే ఒప్పుకున్నారు.

మొదటిరోజు ఎదురుగా నన్ను చూడగానే సంస్థ నడిపే సార్ ముఖం చిన్నబోయింది. ఏం చేస్తారు పాపం, ఆయన ఊహించుకున్న విదేశీ మనిషి వేరు. నేను చామనఛాయలో, నూనె రాసి బిగించిన జడతో, వాళ్ళ పిన్నిగారిలా ఉన్నాను. పైగా "నమస్కారమండీ, ఎండ బాగా ఉంది" అన్నాను. ఆయన గబగబా లేచి తలుపు వేశారు.

"మేడం, మీరేమీ అనుకోనంటే ఒక మాట. ఇక్కడ తెలుగు మాట్లాడకండి. క్లాసులోనే కాదు, ఈ రోడ్డు మీద కూడా. మీకు తెలుగు రాదనే అనుకోనివ్వండి."

"ఎందుకండీ?"

"తెలుగు వస్తే మీరు ఫారిన్ ఎలా అవుతారు? ఇక్కడ గల్లీకో ఇన్‌స్టిట్యూట్ ఉంది మేడం. వాళ్ళ దగ్గర లేనిది, నా దగ్గర ఉన్నది మీరొక్కరే."

నా వీసా ఆయనిచ్చే ఉద్యోగాన్ని పట్టుకుని ఉంది. సరేనన్నాను. తెలుగు మాట్లాడుకోవడానికని సముద్రం దాటి వచ్చి, తెలుగు రానట్టు ఉండడానికి ఒప్పుకున్నాను.

నా క్లాసుకు వచ్చేవాళ్ళు ఎక్కువమంది ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షల కోసం ఊళ్ళనుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటున్నవాళ్ళు. నాకు అర్థం కాదన్న ధీమాతో నా ముందే నా గురించి మాట్లాడుకునేవారు.

"ఫారిన్ అంటున్నరు గానీ, రాంనగర్ చేపల మార్కెట్ల కనిపిస్తే మనామె అనే అనుకుంటం," అన్నాడొకడు.

"అచ్చం మా మేనత్త లెక్కనే ఉన్నది రా," అన్నాడు పక్కవాడు.

నవ్వు రాకుండా పెదవి కొరుక్కునేదాన్ని. అది సులువే. ఎవరికో ఒంట్లో బాగోలేదని వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటుంటే, విన్నది విననట్టు నిలబడి, మళ్ళీ ఇంగ్లిషులో ఏమైందని అడగాల్సి రావడం, అదే కష్టం. పాఠం చెప్పడంలో అలుపు నాకు కొత్త కాదు. ఈ అలుపు వేరే. సాయంత్రం బయటపడేసరికి దవడలు పట్టేసినట్టుండేవి. నారాయణగూడ చౌరస్తాలో బండ్లు ఆగేదాకా నిలబడి, కాళ్ళీడ్చుకుంటూ అశోక్‌నగర్ చేరేదాన్ని.

ఇల్లుగలావిడ నాకంటే పదేళ్ళు పెద్ద. పుట్టింది చిక్కడపల్లి, మెట్టింది అశోక్‌నగర్. నేను వచ్చే వేళకు గుమ్మం మెట్ల మీద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తూనో, పక్కింటామెతో కబుర్లాడుతూనో ఉండేది.

"ఏం టీచరమ్మా, మొఖం గట్ల వాడిపోయిందేంది? జర కూసో."

కూర్చున్నానంటే ఇక ఆపేదాన్ని కాదు. బస్సులో గొడవ, పాల ప్యాకెట్టు, మా అమ్మ చేసే చేపల పులుసు, ఏది తోస్తే అది. ఆవిడ నవ్వేది.

"పొద్దంత నోరు కట్టేసుకొని వచ్చి నా మీద పడ్తవేంది? అయినా మాటకు ముందు 'ఏటి' అంటవు. ఏ ఏటి సంగతమ్మా, మూసీదా?"

"మా ఇంట్లో అంతే అక్కా. ఏమిటి అనడం నేను పుస్తకాల్లోనే చూశాను."

"మంచిగుంది గానీ, ఆ సార్‌కు చెప్పెయ్. పెద్దమనిషివి, గీ పరేషాన్ నీకెందుకు?"

చెప్పలేదు. చెప్పే ఓపిక కూడా లేదనిపించేది.

ఒక ఆదివారం చిక్కడపల్లి కూరగాయల మార్కెట్‌లో చింతచిగురు బేరమాడుతున్నాను. "ఇంత ముదురుదేటమ్మా, లేతది లేదా?" అంటున్నాను గట్టిగా. వెనకనుంచి ఎవరో నా భుజం మీద చెయ్యి వేయబోయి ఆగిపోయారు.

"మేడం... మీకు తెలుగొస్తదా?"

నా క్లాసులోని అమ్మాయి. వరంగల్ వైపు పల్లెనుంచి వచ్చి, పరీక్ష మీద పరీక్ష రాస్తూ ఏళ్ళుగా హాస్టల్లోనే ఉంటోంది. నిలబడి రెండు మాటలు చెప్పమంటే నేలచూపులు చూసేది. కూర్చోమనగానే పక్కపిల్లతో "ఈమెకేం తెలుస్తది మన బాధ" అని గొణిగేది. ఆ మాట నేను ఎన్నోసార్లు విన్నాను.

"వస్తుందే. ఎవరికీ చెప్పకు, నా ఉద్యోగం పోతుంది," అన్నాను.

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అంటే మేం మాట్లాడుకున్నదంత ఇన్నరా?"

"విన్నాను."

"అయ్యో! నేనేమేమో అన్న మేడం."

"ఫర్వాలేదు. ముందు ఈ చింతచిగురు బేరం నువ్వు చెయ్యి. నాకు ఇక్కడి పద్ధతి తెలియడం లేదు."

బేరం బాగా చేసింది. క్లాసులో నోరు విప్పని పిల్ల ఆ కూరగాయలామెను ఊపిరి తీసుకోనివ్వలేదు.

అప్పటినుంచి క్లాసయ్యాక ఇద్దరం కలిసి నడిచి వచ్చేవాళ్ళం. ఎవరికీ చెప్పలేదు ఆ పిల్ల. రోడ్డు దాటి గల్లీలోకి మళ్ళాక తెలుగులో మొదలుపెట్టేది. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. ఇంటికి ఫోను చేస్తే అమ్మ మొదట అడిగేది ఒకటే, "ఇంకెన్ని రోజులు బిడ్డా?" తోటి పిల్లలకు పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టారు. ఈమె మాత్రం ప్రతిసారీ అదే పుస్తకాలు, అదే గది. అంతా చెప్పాక నేను అనేదాన్ని, "ఇప్పుడిదే ఇంగ్లిషులో చెప్పు." మొదట్లో తిట్టుకునేది. తర్వాత తర్వాత ఇంటి గేటు దాకా ఇంగ్లిషులోనే వచ్చేది, తప్పులతోనే. చెప్పడానికి విషయం ఉన్నవాళ్ళకు భాష ఎలాగోలా వస్తుందని నేను బడిలో ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే.

కొత్తవాళ్ళను చేర్చుకోవడానికి సార్ ఒక ఆదివారం ఉచిత తరగతి పెట్టారు. పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు కుర్చీలు నిండేలా వచ్చారు. "ఆ అమ్మాయి బాగా మెరుగుపడింది కదా మేడం, ఆమెనే మాట్లాడిద్దాం," అన్నారు సార్. వద్దనాల్సింది. ఆ పిల్ల కూడా వద్దనలేదు.

లేచి నిలబడింది. తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది. అంతే, ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల మెడ మళ్ళీ కిందికి వాలిపోవడం చూశాను. ఏమాలోచించానో తెలియదు.

"భయమేటే? నిన్న మీ నాన్న ఆటో సంగతి నాకు చెప్పావు కదా. అదే చెప్పు."

మాట బయటికి వచ్చాకగానీ అది తెలుగని నాకు తట్టలేదు. ఆ పిల్ల నావైపు చూసింది. నవ్వబోయి, గొంతు సవరించుకుని, వాళ్ళ నాన్న వర్షంలో ఆటో తోసుకుంటూ ఇంటికి వచ్చిన కథ ఇంగ్లిషులో చెప్పింది. చివరికంటా చెప్పి కూర్చుంది. చప్పట్లేమీ లేవు.

వెనకనుంచి ఒక పెద్దాయన లేచాడు. "ఏంది సార్, ఈ మేడంకు తెలుగు మంచిగనే వస్తది గద? ఫారిన్ టీచర్ అని ఫోన్ల చెప్పిర్రు."

సార్ జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. నేనే ముందుకు వెళ్ళాను. "నేను మలేషియాలోనే పుట్టానండీ. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం. ఇంగ్లిషు చెప్పడం నా పని. సార్ చెప్పింది నిజమే."

"గట్లనా," అని ఆయన కూర్చున్నాడు. కొందరు మాత్రం లేచి వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక సార్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. నేనూ సాయం పట్టాను.

"అన్న మాట నిలుపుకోలేదు మేడం మీరు."

"లేదండీ. చెయ్యాలని చెయ్యలేదు. వచ్చేసింది."

ఆయన చేతిలోని కుర్చీ దించి దాని మీదే కూలబడ్డారు. "నాకూ విసుగొచ్చింది. మీరెక్కడ నోరు జారుతారోనని రోజూ కిటికీలోంచి చూస్తూ ఉండేవాణ్ణి. ఒక్కరోజు ప్రశాంతంగా టీ తాగలేదు."

"రేపటినుంచి రానా, వద్దా?"

"రాకపోతే క్లాసెవరు చెప్తారు మేడం? రండి."

మర్నాడు క్లాసులో ఎవరూ తలెత్తలేదు. ఇన్నాళ్ళూ ఏమేం అన్నారో గుర్తు చేసుకుంటున్నట్టున్నారు. చివరికి ఒకడు లేచి, "మేడం, మేనత్త అన్నది నేనే. సారీ," అన్నాడు. మేనత్త అంటే కోపమెందుకు వస్తుందన్నాను. అందరూ నవ్వారు. కానీ తర్వాతి నెలలో చేరినవాళ్ళు తక్కువే. పొద్దుటి బ్యాచ్ ఎత్తేశారు. సాయంత్రపు బ్యాచ్‌తో బండి నడుస్తోంది. ఈ ఏడు కూడా సార్ నా వీసా కాగితాల మీద సంతకం పెట్టారు.

పని తగ్గింది గానీ అలసట తగ్గలేదు. తెలుగు వచ్చని తెలిశాక పాఠమవగానే ఎవరూ కదలరు. ఒకరికి కిరాయి ఇంటి గొడవ, ఒకరికి ఇంట్లో పెళ్ళి తొందర, ఒకరికి నిద్ర పట్టదు. అన్నీ నాకే చెబుతారు. వింటాను. ఇంటికొచ్చాక ఇల్లుగల అక్కతో మాట్లాడదామంటే మాటలుండవు. ఆవిడ అడగదు. ఎల్లిపాయల చేట నావైపు జరుపుతుంది, ఇద్దరం ఒలుచుకుంటూ కూర్చుంటాం.

ఆ అమ్మాయికి ప్రభుత్వ ఉద్యోగం రాలేదు. ఫలితాలొచ్చిన రోజు మా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అక్క లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. ఇప్పుడు ఆ పిల్ల కవాడిగూడలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చెబుతోంది. ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. మాట్లాడుకుందామనే వస్తుంది, కానీ తిన్నాక కళ్ళు మూతలు పడతాయి. మొన్న చాప మీద ఒరిగి, "పొద్దంత సతాయిస్తున్నరు మేడం. ఇన్నేండ్లు ఎట్ల చేసిర్రు మీరు?" అంది.

"చెయ్యగా చెయ్యగా అలవాటవుతుందే," అన్నాను.

నిజంగా అలవాటవుతుందో లేదో నాకింకా తెలియదు. ఆ పిల్ల అప్పటికే నిద్రపోయింది. కిటికీ రెక్క దగ్గరికి వేసి నేనూ పక్కనే నడుం వాల్చాను.