అయుత్తయలో చూడవలసినవి

మొన్న లాంగ్ వీకెండ్‌కి మా అమ్మాయి రెడ్‌మండ్ నుంచి టెక్సాస్‌లో మా ఊరు ప్లేనో వచ్చింది. సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని ల్యాప్‌టాప్ చూసుకుంటూ, ఫ్రెండ్స్‌తో కలిసి థాయ్‌లాండ్ ట్రిప్ బుక్ చేశామని, అందులో రెండు రోజులు అయుత్తయ అనే పాత రాజధానికని చెప్పి, "అమ్మా, యూ వెంట్ దేర్ కదా? ఏం చూడాలి అక్కడ?" అని అడిగింది. చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఏకబిగిన చెప్పేశాను. చెట్టు వేళ్ళు చుట్టుకుపోయిన బుద్ధుడి తలను ఎండ ముదరకముందే చూడమని, ఫొటో దిగేటప్పుడు ఆ తలకంటే కిందికి ఉండేలా చతికిలబడాలని, లేకపోతే కాపలావాళ్ళు కేకలేస్తారని. సైకిలు అద్దెకు తీసుకోమని. సాయంత్రం పడవెక్కి ఊరి చుట్టూ నదిలో తిరిగి పడమటి గట్టున గోపురాల గుడి దగ్గర దిగమని. పల్చటి రొట్టెలో రంగుల పీచుమిఠాయి చుట్టి అమ్ముతారు, అది మాత్రం వదలొద్దని. ఇన్నేళ్ళయినా ఇవన్నీ ఎలా గుర్తున్నాయని నవ్వింది పిల్ల. గుర్తుండవా మరి! ఆ ఊళ్ళో నేను చూడని మొండిగోడ లేదు.

స్టాంపింగ్ అంటే ఏమిటో మా కాలపు హెచ్-వన్ వీసా వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఉద్యోగం అమెరికాలోనే ఉన్నా, కాగితాలన్నీ సవ్యంగా ఉన్నా, పాస్‌పోర్టులో వీసా గడువు తీరాక దేశం దాటామంటే, బయట ఎక్కడో కొత్త ముద్ర వేయించుకుంటే తప్ప మళ్ళీ లోపలికి రానివ్వరు. మా తమ్ముడి పెళ్ళికి ఇండియా వెళ్ళి రావాలంటే మాకు ఆ ముద్ర కావాలి, అక్కడేమో ఇంటర్వ్యూ డేట్లు దొరకడం లేదు. అలాంటప్పుడు మా వాళ్ళంతా చేసే పని ఒకటుంది. ఎలాగూ ఏదో ఒక దేశం వెళ్ళక తప్పదు కదా, చూడదగ్గ చోటికే పోదాం, పాస్‌పోర్టు తిరిగొచ్చేలోగా నాలుగు ఊళ్ళు తిరిగొద్దాం అనుకోవడం. టెక్సాస్‌కి మెక్సికో పక్కనే. ఊహూ, మాకది ఆనలేదు. ఎవరింట్లోనో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో బ్యాంకాక్ వెళ్ళొచ్చినవాళ్ళు ఫొటోలు చూపించారు, అంతే, మా ఇద్దరికీ అక్కడే ఇంటర్వ్యూలు బుక్ చేసేశాం. ప్రాణం మీదికి తెచ్చే పనికి విహారయాత్ర జోడించాలని మా వాళ్ళకి తప్ప ఇంకెవరికి తడుతుంది!

టికెట్లు మాత్రం ముగ్గురికీ తీశాం. పిల్లకప్పుడు రెండో ఏడు నడుస్తోంది. తీరా బయల్దేరే ముందు దానికి చెవిలో ఇన్‌ఫెక్షన్ వచ్చి, విమానం ఎక్కించొద్దన్నాడు డాక్టరు. అపాయింట్‌మెంట్ వదులుకుంటే మళ్ళీ ఎప్పటికో. అప్పుడు మేముండే అపార్ట్‌మెంట్లో ఎదురు తలుపు ఒక వరంగల్ అక్కయ్యది. డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక, స్కూలుకెళ్ళే కొడుకుతో ఇంట్లోనే ఉండేది. "గింతదానికి పరేషానెందుకు చెల్లె? వారమే గద, బిడ్డను నా దగ్గర ఇడిచిపెట్టి పోండ్రి," అంది. రక్తసంబంధం లేదు, ఊరు ఒకటి కాదు, అయినా ఆ మాట అనగానే నా గుండె మీద బరువు దిగిపోయింది. చెవి చుక్కల సీసా, దుప్పటి, పాలసీసా ఇచ్చి వెళ్ళిపోయాం.

ఇంటర్వ్యూ అయింది. మా ఆయన పాస్‌పోర్టు ముద్రతో తిరిగొచ్చింది. నాది రాలేదు. ఇంకా పరిశీలించాలట, ఎన్నాళ్ళో చెప్పలేరట. ఎందుకో అడిగితే ఎంబసీలో కిటికీ వెనకాల ఆవిడ మర్యాదగా నవ్వి తరువాతి మనిషిని పిలిచింది. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది కనుక నేను ఇండియాకీ పోలేను, అమెరికాకీ పోలేను. పిల్ల అక్కడ మేమిద్దరం లేకుండా ఉంది కదా, మా ఆయన్ని బలవంతంగా విమానం ఎక్కించాను. బ్యాంకాక్‌లో హోటళ్ళు మనం భరించేవి కావు, అయుత్తయలో నది పక్కన ఒక పెద్దావిడ చవగ్గా గది ఇచ్చింది. పిలుపొస్తే రైలెక్కి రెండు గంటల్లో బ్యాంకాక్ చేరుకోవచ్చు.

అయోధ్య పేరే ఆ ఊరికి పెట్టుకున్నారని తెలిసి మొదట్లో ముచ్చటపడ్డాను. తర్వాత ఆ ముచ్చటా పోయింది. ఎప్పుడో శత్రువులు తగలబెట్టి పోయిన ఊరది. ఇటుక గోడల వెంట వరసగా కూర్చున్న బుద్ధులకు చాలామందికి తలల్లేవు. గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుందని రోజూ సైకిలేసుకుని ఆ తలల్లేని దేవుళ్ళ మధ్యే తిరిగేదాన్ని. టూరిస్టులు పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళు. నేను మాత్రం అక్కడే. ఈ వారం వచ్చేస్తుందిలే అనుకోవడం, రాకపోవడం, వచ్చే వారం తప్పకుండా అనుకోవడం. అందుకే పిల్లను అక్కడికి రప్పించుకోలేదు. తమ్ముడి పెళ్ళి నేను లేకుండానే అయిపోయింది. ఇక మా ఆఫీసువాళ్ళు నన్ను ఎప్పుడు పొమ్మంటారో అన్న భయం ఒకటి. ఎవరికి మొర పెట్టుకోను?

నెట్ సెంటర్‌లో చిన్న కెమెరా ముందు కూర్చుని పిల్లను చూసుకునేదాన్ని. మొదట్లో తెర మీద నన్ను చూడగానే చేతులు చాపి గుక్కపట్టి ఏడ్చేది, చూడలేకపోయేదాన్ని. కొన్నాళ్ళకు ఏడుపు మానేసి బొమ్మలు చూపించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మా ఆయన ఎంత పిలిచినా తెర దగ్గరికి వచ్చేది కాదు. ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా పొద్దస్తమానం అక్కయ్య ఇంట్లోనే ఉండేది కదా, అక్కయ్య కొడుకు అమ్మా అని పిలవడం విని, తనూ ఆవిణ్ణే అమ్మా అనడం మొదలుపెట్టింది. అక్కయ్య నొచ్చుకుని, మీ అమ్మ అదిగో అని కంప్యూటరు వైపు వేలు పెట్టి చూపించేది. పాపం, ఆవిడ తప్పేముంది? ఏడ్చే పిల్లను ఎత్తుకుంది, అంతే. అయినా ఆ మాట విన్న రోజు నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, దేవుడి మీద వచ్చింది, ఆ తలల్లేని బుద్ధుల మీద కూడా వచ్చింది.

నెలలు గడిచాక చివరికి ఒక రోజు, ఏ కారణమూ చెప్పకుండా ఆపినట్టే, ఏ కారణమూ చెప్పకుండా ఇచ్చేశారు. డాలస్‌లో దిగి ఇంటికి చేరగానే, మా ఆయన కారులోంచి బ్యాగులు దించేలోగా మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కి అక్కయ్య తలుపు తట్టాను. పిల్ల ఆవిడ చంకలో ఉంది. జుట్టు పెరిగింది, రెండు పిలకలు వేసి ఉన్నాయి. నేను చేతులు చాపాను. ఇంటికి ఏ ఆడమనిషి వచ్చినా ఏమనాలో మన పిల్లలందరికీ నేర్పుతాం కదా, అలా నేర్చుకున్న పిల్ల నన్ను చూసి బుద్ధిగా చెయ్యూపి, "హాయ్ ఆంటీ," అంది.

అక్కయ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు, చాపిన చేతులు దించుకున్నాను. ఆ రాత్రుళ్ళు పిల్ల నా పక్కన పడుకోక, ఎదురు తలుపు కేసి చూపిస్తూ అమ్మా అమ్మా అని ఏడుస్తుంటే, ఇటు నేను, తలుపు అవతల ఆవిడ. రావాలని ఉన్నా రాకుండా బిగబట్టుకుని కూర్చునేదని తర్వాత వాళ్ళాయన చెప్పాడు. పిల్ల మెల్లగా నాకు దక్కింది. మరుసటేడు వాళ్ళాయన ఉద్యోగం పోయి, వాళ్ళు సామానంతా అమ్మేసుకుని వరంగల్ వెళ్ళిపోయారు.

ఇప్పుడు మాకు పెద్ద ఇల్లుంది, పచ్చికుంది, గరాజులో రెండు కార్లున్నాయి. ఎదురింటివాళ్ళ పేరేమిటో నాకు తెలియదు. మా పిల్ల అమెరికావాళ్ళ నీలం పాస్‌పోర్టు పట్టుకుని ఎవరినీ అడక్కుండా పోతుంది, ఎవరినీ అడక్కుండా వస్తుంది. సంతోషమే, ఆ తిప్పలు దానికొద్దు. కానీ ఆ ప్రయాణం మాట వినగానే మనసాగక, ఎన్నో నెలల తర్వాత అక్కయ్యకు ఫోన్ చేశాను. ఆవిడ మొదటి మాటే "బిడ్డ మంచిగున్నదా?" అని. ఇక్కడే ఉందని చెప్పి ఫోన్ అందించాను. మా అమ్మాయి ల్యాప్‌టాప్ మీంచి కళ్ళు తిప్పకుండానే, మర్యాదగా, "హాయ్ ఆంటీ, హౌ ఆర్ యూ? బాగున్నారా?" అని రెండు ముక్కలు మాట్లాడి ఫోన్ నాకిచ్చేసింది.

"పెద్దగైంది చెల్లె, మంచిగ మాట్లాడుతున్నది," అంది అక్కయ్య. ఒకనాడు ఆ గుమ్మంలో నాకు తగిలిన దెబ్బ ఇన్నేళ్ళకు ఆవిడకు తగిలింది. అది ఎంత నొప్పో ఈ భూమ్మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా ఆ మాట ఎత్తకుండా, అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగాను.