చివరి రంగం తర్వాత రెండు విస్తళ్ళు

నాకు బెంగాలీ నేర్పింది అణిమ సిస్టర్. ఖమ్మంలో మా కాన్వెంటు లైబ్రరీ ఆమే చూసుకునేవారు. ఆటలంటే భయం కాబట్టి ఆ గంటంతా నేను ఆమె దగ్గరే కూర్చునేదాన్ని. బెంగాల్‌లో వాళ్ళ ఊరివాళ్ళు ఆడిన ఒక నాటకాన్ని ఆమె గుర్తు తెచ్చుకుంటూ నోటుబుక్కులో రాసుకున్నారు. పదో తరగతి వార్షికోత్సవంలో దాని చివరి రంగం నేను చదవాలి. మైకు ముందు నోరు పెగల్లేదు. మెట్లు దిగి వచ్చేశాను. ఇన్నేళ్ళ తర్వాత పోయిన వారం, ఇప్పుడు ఉంటున్న దుమ్ముగూడెం నుంచి సిస్టర్ ఫోను చేశారు. "కళ్ళు ఇక అక్షరాలు పట్టడం లేదు. సోమవారం నన్ను కోల్‌కతా పంపిస్తున్నారు, వృద్ధ సిస్టర్లు ఉండే ఇంటికి. మళ్ళీ ఇటు రాను. ఆ చివరి రంగం వినిపిస్తావా?"

శనివారం ఉదయం ఆరింటికి ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో షేర్ ఆటో ఎక్కాను. బస్టాండుకు ఇరవై రూపాయలు. ఆరున్నరకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్ళకు జీరో టికెట్, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మూడున్నర గంటలు పట్టింది. నేను చదివిన బెంగాలీ నాటకాలు, పద్యాలు దారంతా గుర్తొస్తూనే ఉన్నాయి. చాలావాటిలో చావు తలుపు బద్దలు కొట్టుకుని రాదు. పడవవాడిలాగానో, రావాల్సిన చుట్టంలాగానో వస్తుంది. అంత తీరిగ్గా ఎలా చనిపోతారని స్కూల్లో ఒకసారి అడిగాను. "అవతలి ఒడ్డు ఉందని నమ్మినవాళ్ళకు కంగారెందుకు?" అన్నారు సిస్టర్.

భద్రాచలంలో ఇడ్లీ తిని ఆటోల దగ్గరికి వెళ్ళాను. "పర్ణశాలకా మేడం?" అన్నాడు డ్రైవరు. దుమ్ముగూడెంలో బెంగాలీ సిస్టర్ ఇంటికని చెప్పాను. "ఆమెనా? మా పిల్లకు ఏబీసీడీలు చెప్పింది. ఆమె మనిషివి కాబట్టి కిరాయి యాభై."

"మామూలుగా ఎంత?"

"యాభయ్యే." ఆటో అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

పదకొండున్నరకు చేరాను. సిస్టర్ వరండాలో కుర్చీలో ఉన్నారు. నా ముఖాన్ని చేతులతో తడిమి, "బుగ్గలొచ్చాయి, మంచిది" అన్నారు. పక్కన నేల మీద వంట చేసే లచ్చక్క వంకాయలు తరుగుతోంది. ఆమెది దగ్గరలోని కోయ గూడెం. తనకూ అర్థం కావాలంది. అందుకని సిస్టర్ నా చేతికిచ్చిన నోటుబుక్కులోంచి ఒక్కో వాక్యం బెంగాలీలో చదివి, తెలుగులో చెప్పసాగాను.

నాటకంలో రేవు దగ్గర లాంతరు పట్టే ముసలాయన ఉంటాడు. వాన కురుస్తున్న సాయంత్రం చావు అతని కోసం పడవవాడి రూపంలో వస్తుంది. ముసలాయన భయపడడు. "తడిసిపోయావు, ముందు కూర్చో" అంటాడు. తరువాత లాంతరును చూరుకు తగిలించి పడవ వైపు నడుస్తాడు. సరిగ్గా అక్కడే చదవడం ఆపేశాను, పదో తరగతిలో లాగే. సిస్టర్ కళ్ళు మూసుకుని వింటున్నారు. సోమవారం గుర్తొచ్చింది. నోటుబుక్కు మూసేద్దామనుకున్నాను.

లచ్చక్క కత్తిపీట పక్కకు జరిపింది. "ఆగినవేంది బిడ్డా? ఎక్కిండా, ఎక్కలేదా?"

"ఎక్కాడు" అన్నాను. ఆ మాట బయటికొచ్చాక మిగతాది ఆగలేదు. చివరి వాక్యం దాకా చదివాను. సిస్టర్ పెదవులు నాతోపాటే కదిలాయి.

ఒంటిగంటకు భోజనం. ముగ్గురమే ఉన్నాం, కానీ లచ్చక్క ఐదు విస్తళ్ళు వేసి, గుమ్మం పక్కనున్న రెండు విస్తళ్ళలో ముందు వడ్డించింది. ఆకలి మీద నేను వెళ్ళి ఒకదాని ముందు కూర్చున్నాను.

"లే బిడ్డా, అది నీది గాదు. ముసలాయనది. పోయినోళ్ళకు పెట్టకుంట మనమెట్ల తింటం?"

"అది నాటకం లచ్చక్కా."

"అయితే ఏంది? పోయిండని నువ్వే గద చెప్పినవ్."

"మరి రెండోది?"

"తోల్కపోనీకి వచ్చినోనికి. వానల తడుసుకుంట వచ్చిండు. ఉత్త కడుపుతోని పడవెట్ల నడుపుతడు?"

సిస్టర్ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మావాళ్ళు అన్నేళ్ళు ఆడారు. పడవవాణ్ణి కూర్చోమన్నారే గానీ అన్నం పెట్టాలని ఒక్కరికీ తోచలేదు. ఇలా రాసుకో: లాంతరు తగిలించే ముందు ముసలాయన రెండు విస్తళ్ళు వేస్తాడు." నా వంకర బెంగాలీ అక్షరాలతో నోటుబుక్కు అంచున రాశాను. ఆ నోటుబుక్కు సిస్టర్ నాకే ఇచ్చేశారు.

సాయంత్రం గోదావరి వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు నోటుబుక్కు తెరిచి ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నాను, పక్క సీటావిడకు వినిపించేంత గట్టిగానే. సిస్టర్‌ని మళ్ళీ చూస్తానో లేదో తెలియదు. అవతలి ఒడ్డు గురించి పుస్తకాల్లో చాలా చదివాను. అక్కడికి వెళ్ళేవాళ్ళు భోంచేసి బయల్దేరతారన్న ధీమా మాత్రం లచ్చక్క దగ్గరే దొరికింది.

మీరు వెళ్తే దుమ్ముగూడెం నుంచి నాలుగులోపే బయల్దేరండి, తర్వాత ఆటోలు తక్కువ. ఇంకొకటి, ఆ వైపు ఎవరింట్లోనైనా భోజనానికి పిలిస్తే, ముందుగా వడ్డించిన విస్తరి మీకేనని కూర్చోకండి.