జడ విప్పి చూసిన లాయరమ్మ

కొట్టినవాడు ఇంట్లో ఉన్నాడు. దెబ్బలు తిన్న అమ్మాయి బయట ఉంది. ఆమెను ఇంట్లోకి పంపి అతన్ని బయటికి పంపమని కోర్టు ఆర్డరు ఇచ్చాక కూడా, వారాల తరబడి ఇదే వరస. ఆ ఆర్డరు సాధించిన మనిషి, అది అమలు కావడం చూడకుండానే మొన్న శుక్రవారం కన్నుమూశారు.

న్యాయవాది హబీబున్నీసా గారు ఇక లేరన్న కబురు నాకు ఆటోనగర్‌లో, మా లేతు షెడ్డులో ఉండగా వచ్చింది. నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే ఫోనులో నన్ను చీవాట్లు పెట్టారు. పోలీస్ స్టేషనులో ఇవ్వడానికి నేను రాసుకున్న అర్జీ చదివి వినిపిస్తే, సగంలోనే ఆపేశారు. "అన్నయ్య గారూ, కోపం మీ దగ్గరే ఉంచుకోండి. ఏ రోజు ఏం జరిగిందో అది మాత్రం రాయండి," అన్నారు. ఆ గొంతు చెవిలో మారుమోగుతూ ఉండగానే ఆ గుండె ఆగిపోయిందంటే ఏ మనసు ఒప్పుకుంటుంది?

ఆవిడ వన్ టౌన్‌లో ఒక బట్టలకొట్టు గుమస్తా కూతురు. ఆఫీసు కూడా అక్కడే, మిరపకాయల గోడౌను పైన. మెట్లెక్కేసరికి ఎంతటివాడికైనా ఘాటుకి కళ్ళనీళ్ళు తిరిగేవి. ఇంకా మంచి చోటు చూసుకోరాదా అని నేనొకసారి అంటే నవ్వారు. "ఇక్కడికొచ్చేవాళ్ళకి ఏడవడానికి సిగ్గండీ. ఇక్కడైతే మిర్చి మీదికి నెట్టేయొచ్చు," అన్నారు. ఆ కారుణ్యం ఎంత గొప్పదో అంత గుట్టుగా ఉండేది.

నాకు ఆవిడతో పరిచయం మా మేనకోడలు సునీత మూలంగా. ఐదో తరగతితో బడి మానేసి, పాత పత్రికలూ చట్టం పుస్తకాలూ చదువుకుని నాలుగు ముక్కలు నేర్చుకున్నవాణ్ణి నేను. చట్టంలో రాసి ఉంటే చాలు, జరిగిపోతుందనుకునేవాణ్ణి. సునీతది గన్నవరం అవతల ఊళ్ళో కాపురం. మొగుడు కొడితే పుట్టింటికి వచ్చింది. మా చెల్లెలు ఏం చేసిందో తెలుసా? ఏ తల్లయినా మన వైపు చేసేదే. పిల్లకి నీళ్ళుపోసి, మంచి చీర కట్టి, తల దువ్వి, బిగించి జడవేసి, బొట్టుపెట్టి అప్పుడు స్టేషనుకి తీసుకెళ్ళింది. పెద్దవాళ్ళ ముందుకి వెళ్తూ రేగిన జుట్టుతో ఎలా వెళ్తాం అని దాని బాధ. అక్కడి అధికారి పిల్లని ఎగాదిగా చూసి, పెళ్ళికి వచ్చినట్టుంది, దీన్ని కొట్టారంటే ఎవరు నమ్ముతారన్నాడు. మొగుణ్ణి పిలిపించి, చేతిలో చెయ్యి వేయించి, కౌన్సెలింగ్ అయిందని పంపేశాడు. కౌన్సెలింగట! దూడను పులికే అప్పగించి, జాగ్రత్తగా చూసుకోమని చెప్పడం కూడా ఒక ధర్మమేనా?

మళ్ళీ కొట్టాడు. ఈసారి నేను సునీతను నేరుగా మిర్చి గోడౌను మెట్లెక్కించాను. మా చెల్లెలు ఈసారీ పిల్లని ముస్తాబు చేసే తెచ్చింది. హబీబున్నీసా గారు సునీతను ఒక్క ప్రశ్నా అడగలేదు. మా చెల్లెల్ని అడిగారు.

"జడ ఎవరు వేశారమ్మా?"

"నేనేనండీ."

"చక్కగా వేశారు. విప్పుతాను, ఏమీ అనుకోకండి."

కిటికీ దగ్గర కుర్చీ వేయించి, సునీతను కూర్చోబెట్టి, ఆవిడే నిలబడి పాయపాయ విడదీశారు. చెవి వెనక జుట్టు కింద, చిట్లిన చర్మం మీద నెత్తురు గడ్డకట్టి ఉంది. లాయరమ్మ మా చెల్లెల్ని ఒక్క మాటా అనలేదు. "మనవాళ్ళందరూ ఇంతేనమ్మా. పరువు కోసం సాక్ష్యం కడిగేస్తాం. పదండి, ముందు ఆసుపత్రి, తర్వాతే స్టేషను," అంటూ చెప్పులు వేసుకున్నారు.

కేసు పడ్డాక మొగుడి తరఫు పెద్దమనుషులు బత్తాయిల సంచీతో రాజీకి వచ్చారు. నేనక్కడే ఉన్నాను. ఆవిడ అందరికీ టీ తెప్పించారు. పిల్ల పుట్టింట్లో ఉంటే రెండు వైపులా పరువుగా ఉంటుందని వాళ్ళు మొదలెట్టారు. అతనే బయటికి వెళ్తే పరువుగా ఉండదా అని ఆవిడ అడిగారు. అందులో పెద్దాయనకి పొలమారింది.

"మగాడు ఇల్లు వదిలి ఎక్కడికి పోతాడమ్మా?"

"ఇన్నాళ్ళూ ఆడవాళ్ళు ఎక్కడికి పోయారో అక్కడికేనండీ."

బత్తాయిలు తిరిగి పట్టుకెళ్ళమన్నారు. టీ మాత్రం పూర్తిగా తాగి వెళ్ళమన్నారు.

కోర్టులో అవతలి లాయరు ఇల్లు అత్తగారి పేరున ఉంది కాబట్టి కోడలికి హక్కు లేదన్నాడు. ఇల్లు ఎవరి పేరున ఉందని కాదు, ఆ అమ్మాయి ఏ ఇంట్లో కాపురం చేసిందని చట్టం అడుగుతోందని మా లాయరమ్మ నిదానంగా చెప్పారు. అత్తగారిని కూడా వెళ్ళగొట్టించమని నేను రెచ్చిపోతే కళ్ళెర్రజేశారు. "ముసలావిణ్ణి వీధిలో పెట్టమని నేనడగను, చట్టమూ పెట్టదు. కొట్టిన చెయ్యి ఎవరిదో అతనే వెళ్ళాలి," అన్నారు. వాయిదాలకు విసిగి నేను న్యాయవ్యవస్థ మొత్తాన్ని తిట్టినప్పుడల్లా ఆవిడది ఒకటే సమాధానం: తలుపు బిగుసుకుందని ఇల్లు తగలబెట్టుకోం కదండీ, నెడుతూ ఉండాలి. అలా నెట్టి నెట్టి ఆర్డరు తెచ్చారు.

అమలు చేయాల్సినవాళ్ళకి మాత్రం తీరిక లేదు. ఎప్పుడు వెళ్ళినా, ఎవరో పెద్దలు గన్నవరంలో విమానం దిగుతున్నారు, బందోబస్తుకి వెళ్ళారు, తర్వాత రండి పెద్దాయనా అనేవారు. దిగేవాళ్ళకి దారి పొడుగునా కాపలా! ఇంట్లో అడుగుపెట్టాల్సిన ఒక్క పిల్లకి తోడుగా ఒక్క కానిస్టేబులు దొరకలేదు.

ఖననం నాడు శ్మశానం బయట రోడ్డు మీద ఎందరో ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుని నిలబడ్డారు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు. ఎవరూ ఎవరికీ తెలియదు. అందరూ ఆ మెట్లెక్కినవాళ్ళే. ఏ బిరుదులకూ అందని వైభవం అది.

సోమవారం స్టేషనుకి వెళ్ళాను. కొత్తగా వచ్చిన అధికారి ఒక అమ్మాయి. నేను బల్ల ముందు కూర్చుని ఉండగానే ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. పట్టుచీర, పూలు, నున్నగా దువ్విన తల. ఆ అధికారి మహిళా కానిస్టేబులు వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది: "లోపలికి తీసుకెళ్ళి ముందు జడ విప్పి చూడు."

ఇది మీకెవరు నేర్పారమ్మా అని అడిగాను. శిక్షణలో ఉండగా ఒక లాయరు గారు వచ్చి పాఠం చెప్పారంది. పేరు చెప్పబోయి ఆగిపోయింది. ఆవిడ పోయినట్టు తనకీ తెలుసు. ఆ క్షణాన నాకు తోచింది: మట్టిలో పెట్టింది ఒక దేహాన్నే. అయినా ఆ లోటు లోటే. మా సునీతకి పూచీపడిన ఆ గొంతు మళ్ళీ రాదు. ఆ మిర్చి గోడౌను మెట్ల ముందు నా ముసలి తల ఎప్పటికీ వంగే ఉంటుంది.

ఆ రోజు నా అర్జీలో ఒక్క తిట్టు లేదు. ఏ రోజు ఏం జరిగిందో అంతే. ఆవిడ చెప్పినట్టే రాశాను. అధికారి చదివి, నా నంబరు రాసుకుని పంపించింది. మర్నాడు పొద్దున్న సునీతను తనే వచ్చి తీసుకెళ్ళింది. సాయంత్రం తన దగ్గర్నుంచే ఫోను వచ్చింది. మా పిల్ల ఎక్కడుందమ్మా అని అడిగాను. ఇన్ని వారాలుగా ఎదురుచూసిన జవాబు అప్పుడు వచ్చింది:

"ఇంట్లోనే ఉందండీ. తాళం మార్పించి, తాళంచెవి తన చేతికే ఇచ్చాం. అతను బట్టల సంచీ పట్టుకుని గేటు బయట నిలబడ్డాడు. నేనెక్కడికి పోవాలి అని మమ్మల్ని అడుగుతున్నాడండీ."